ఖాళీ బల్ల మీద నీళ్లు

కిందటి వారం మనం యాకూబ్ బీని ఒక గోతి అంచున వదిలి వచ్చాం. మార్చి నెలలో పడకూడని వాన రాళ్లతో సహా పడి, వరంగల్ మండీబజార్ వెనకున్న పాత ఖబరస్తాన్‌లో ఒక సమాధి కుంగిపోయింది. అది తివాచీల కార్ఖానా యజమాని హాజీ దస్తగీర్ సాబ్ మొదటి భార్య జైతూన్ బీది. పన్నెండేళ్ల కిందట, డెబ్బై రెండులో, మశూచి వచ్చి చనిపోయిందని ఆమెను అక్కడ పూడ్చారు. గోతులు తవ్వే లాల్ మియా మట్టి సర్దుదామని లోపలికి దిగి, దిగినంత వేగంగా పైకి వచ్చాడు. లోపల ఎముక లేదు. పుర్రె లేదు, పన్ను లేదు, వెంట్రుక లేదు. మట్టిలో చిక్కుపడి ఎర్రవీ నీలివీ ఉన్నిదారాలు మాత్రం ఉన్నాయి, పిడికెళ్లకు పిడికెళ్లు.

అది జరిగి అయిదు రోజులయింది. ఈ అయిదు రోజుల్లో ఆ గొయ్యి వట్టి గొయ్యిగా మిగల్లేదు. ఆ పుణ్యాత్మురాలి దేహాన్ని మట్టి తాకలేకపోయిందనీ, దైవదూతలు వచ్చి ఎత్తుకుపోయారనీ మొదట ఎవరన్నారో తెలియదు. రెండో రోజుకు గోతి చుట్టూ ఊదుబత్తులు వెలిగాయి. మూడో రోజుకు అంచున ఆకుపచ్చ గుడ్డ పరిచారు. మామూలుగా ఆడవాళ్లు అడుగుపెట్టని ఆ ఖబరస్తాన్‌లో నాలుగో రోజుకు ఆడవాళ్ల వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. ముస్లింలే కాదు, కొత్తవాడ నేతవాళ్లూ, ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసేవాళ్లూ పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. జైతూన్ బీ అందరి నోటా జైతూనమ్మ అయింది. స్వర్గం నుంచి రాలిన పూలు దారాలుగా మారాయని చెప్పుకుంటూ, గోతిలోంచి తీసిన ఒక్కొక్క పోగునూ పిల్లల మణికట్లకు కట్టుకుని పోతున్నారు.

తిరిగి వెళ్తూ వాళ్లలో సగం మంది యాకూబ్ బీ ఇంటి ముందు ఆగుతున్నారు. అందుకు కారణం ఉంది. ఆ చుట్టుపక్కల ఏ ముస్లిం ఇంట్లో ఆడమనిషి చనిపోయినా కడసారి స్నానం చేయించేది ఆమే. ఆ స్నానాన్ని గుసుల్ అంటారు. యాభై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి, నీళ్లు మోసి మోసి గట్టిపడిన ముంజేతులు. చనిపోయినవాళ్ల ఒంటి మీద ఏం చూసినా, అది పుట్టుమచ్చ కానీ వాత కానీ, గడప దాటాక దాని ఊసెత్తదు. అందుకే బజారంతటికీ ఆమె మాటంటే గురి. జైతూనమ్మకు నీళ్లు పోసిన చేతులు ఇవేనంటూ ఆడవాళ్లు ఆ చేతుల్ని పట్టుకుని కళ్లకద్దుకుంటున్నారు. ఒక ముసలమ్మ వేళ్లు వాసన చూసి, పన్నెండేళ్లయినా అత్తరు పోలేదని ఏడ్చింది. ఆ క్షణం నుంచి యాకూబ్ బీ చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంటోంది.

ఎందుకంటే ఆ చేతులు జైతూన్ బీని ఎన్నడూ తాకలేదు.

ఆనాడు ఆమెను పిలిపించింది హాజీ తల్లి బడీ బీ. ఉన్ని కొనడానికి ఊరు వెళ్లిన హాజీ ఆ పొద్దున్నే రైలు దిగి, వాకిట్లో మగవాళ్ల మధ్య కూలబడి ఉన్నాడు. వెనక గదిలో శవానికి కఫన్ గుడ్డ అప్పటికే చుట్టేసి ఉంది. తల దగ్గరా, నడుము దగ్గరా, పాదాల దగ్గరా ముళ్లు కూడా వేసేశారు. బడీ బీ తలుపు గడియ పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. ఇది మశూచి. ముట్టుకుంటే నీకూ నీ బిడ్డకూ అంటుకుంటుంది. మున్సిపాలిటీ వాళ్లకు తెలిస్తే కార్ఖానాకు తాళం పడుతుంది, ఎనభై ఇళ్లలో పొయ్యి ఆరిపోతుంది. ముట్టవద్దు. స్నానం అయిందని మాత్రం చెప్పు.

యాకూబ్ బీ భర్త పోయి అప్పటికి ఏడాది. బిడ్డకు ఏడేళ్లు. తర్వాతి కాలంలో ఆమె తనకు తాను చాలా కారణాలు చెప్పుకుంది కానీ, ఆ గదిలో ఆమెలో ఉన్నది భయం ఒక్కటే.

బయట ఆడవాళ్లు చెవులొగ్గి కూర్చున్నారు. నీళ్ల చప్పుడు వినబడాలి. బడీ బీ వేలితో బల్ల చూపించింది. శవాన్ని పడుకోబెట్టి స్నానం చేయించే చెక్కబల్ల గది నడుమ ఖాళీగా ఉంది. యాకూబ్ బీ చెంబు ముంచింది. రేగాకులు వేసి కాచిన నీళ్లు ముందు కుడి పక్కన పోసింది, తర్వాత ఎడమ పక్కన. అలా మూడు సార్లు. ఆఖరి చెంబులో కర్పూరం కలిపింది. చదవవలసినవన్నీ చదివింది. బల్ల మీద ఎవరూ లేరు. అయినా పోసిన నీళ్లు తిన్నగా జారిపోలేదు. అక్కడెవరో పడుకుని ఉన్నట్టు, ఆ ఒంటిని చుట్టి వస్తున్నట్టు, నడుము దగ్గర వంపు తిరిగి అంచుకు పోయాయి. ఆమె కళ్లు మూసుకుని మిగతా నీళ్లు పోసింది.

చివర్లో మూటను జరపడానికి ఒక చెయ్యి వేసింది. చాలా తేలిగ్గా ఉంది. జబ్బుతో చిక్కిపోయి ఉంటుందనుకుంది. బయటికి రాగానే ఎవరో అడిగారు, అయిందా అని. అయింది, అంది. ఒక్క మాట.

అప్పటి నుంచి ఎవరికి స్నానం చేయించినా, ఆఖరి చెంబు పోసేటప్పుడు చేతుల కింద మనిషి లేనట్టు అనిపించేది. నమాజుకు నిలబడితే వెనక ఎవరో నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించేది. తిరిగి చూస్తే గోడే. ఆమె భర్త ఇమామ్ అలీ మిల్లులో పనిచేసేవాడు. పెద్ద చదువు లేదు కానీ, శుక్రవారం విన్న మాటల్ని ఇంటికి తెచ్చి ఆమెకు చెప్పేవాడు. గుండెలో ఉన్నది నాలుక మీదికి రావాలి, నాలుక మీదున్నది చేతుల్లోకి రావాలి, ఈమాన్ అంటే, విశ్వాసం అంటే అదే అనేవాడు. నడుమ ఎక్కడ తెగినా మిగిలేది వట్టి మాటే అనేవాడు. తనది ఎక్కడ తెగిందో యాకూబ్ బీకి తెలుసు. తెలిసీ పన్నెండేళ్లు నమాజు చేసింది.

శుక్రవారం పొద్దున ఇంటి ముందు జనాన్ని తప్పించుకుని, వెనక సందులోంచి వెళ్లి ఎనుమాముల బస్సెక్కింది. మిర్చి రోజుల్లో తొడిమలు తీసే పనికి పోవడం ఆమెకు అలవాటే. రేకుల షెడ్డు కింద ఎర్రటి కుప్పలు, గొంతు పట్టేసే ఘాటు. ముక్కుకు కొంగు కట్టుకున్న ఆడవాళ్ల వరుసలో మొగిలమ్మ పక్కన చోటు చేసుకుని కూర్చుంది. ఏడెనిమిది సీజన్లుగా వాళ్లిద్దరూ ఏ మార్కెట్‌కు పోయినా ఒకే కుప్ప దగ్గర కూర్చుంటారు. ఆ రోజు మొగిలమ్మ తన మనవరాలు భారతిని వెంట తెచ్చింది. ఆరేళ్ల పిల్ల గోనెసంచి మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పిక్క మీద పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసి ఉంది. మణికట్టుకు ఎర్రటి ఉన్నిదారం.

కాలికేమైందని యాకూబ్ బీ అడిగింది. సోమవారం కుక్క కరిచిందని మొగిలమ్మ చెప్పింది. ఆ కుక్క చొంగ కార్చుకుంటూ, దొరికిన వాళ్ల మీదికల్లా దూకి, నిన్న మోరీ పక్కన చచ్చి పడి ఉందట.

“దవాఖానకు తోల్కపోయినవా మొగిలీ?”

“పోదామనే అనుకున్న. పద్నాలుగు సూదులంట బీబమ్మా, బొడ్డు చుట్టూర. పిల్ల విననీకే ఏడ్సింది. గప్పుడే మీ జైతూనమ్మ ముచ్చట తెలిసె. బుధవారం పోయి దారం కట్టిచ్చుకొచ్చిన. ఇగ ఫికర్ లేదు.”

యాకూబ్ బీ చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. ఈ పూటే దవాఖానకు తీసుకుపొమ్మని ఆమె చెప్పింది. మొగిలమ్మ తల అడ్డంగా ఊపింది. దారం కట్టుకుని మళ్లీ సూది వేయిస్తే తల్లిని నమ్మనట్టేననీ, దారానికి బలం పోతుందనీ వరుసలో చెప్పుకుంటున్నారట.

“దారంల ఏం లేదు మొగిలీ.”

“నువ్వు గట్లనే అంటవు, నీకు గర్వం లేదు,” అని మొగిలమ్మ నవ్వింది. “ఎవ్వరో చెప్తె నేను కట్టిచ్చేదాన్నా? నువ్వు నీళ్లు పోసిన తల్లి అని కట్టిచ్చిన. నీ నోట అబద్ధం రాదు గదా.”

పిల్ల ఆ మాటకు మణికట్టు ఎత్తి చూపించింది. పక్క కుప్పల దగ్గరి ఆడవాళ్లు పని ఆపి వంగి వచ్చి, వంతుల వారీగా ఆ దారాన్ని తాకి కళ్లకద్దుకున్నారు. వాళ్ల మిరప చేతుల ఘాటు పిల్ల కళ్లకు తగిలి నీళ్లు కారుతున్నా అది కిమ్మనకుండా కూర్చుంది. తన మీద ఏదో గొప్పది వచ్చి వాలిందన్న గాంభీర్యం ఆ మొహంలో కనిపించింది. యాకూబ్ బీకి ఖబరస్తాన్ వరుసలో తాను చూసిన మణికట్లన్నీ గుర్తొచ్చాయి. పచ్చకామెర్ల కళ్లతో ఒక పిల్ల, మూర్ఛ వచ్చే బాలింత, నోట్లోంచి నురగ కారుతున్న చంటివాడు. వాళ్లలో ఎంతమంది ఈ దారం కట్టుకుని దవాఖాన దారి మానుకున్నారో.

ఒక్క మొగిలమ్మ చెవిలో చెబితే చాలదని ఆమెకు అర్థమైంది. అయితే ఆ అబద్ధం హాజీ ఇంటి కఫన్ మీద చెప్పింది. ఆయనకు చెప్పకుండా బజారుకు చెప్పకూడదు. పిల్లను తీసుకుని మధ్యాహ్నం నమాజు అయ్యే వేళకు ఖబరస్తాన్‌కు రమ్మనీ, దారం సంగతి అక్కడ చెబుతాననీ మొగిలమ్మతో మాట తీసుకుని లేచింది.

కొత్తవాడలో హాజీ కార్ఖానాకు శుక్రవారం సెలవు. పొడుగాటి పెంకుల షెడ్డులో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. సగం నేసి వదిలిన తివాచీలు నిలువు మగ్గాల మీద, నేసేవాళ్లు పని నడుమ ఎక్కడికో మాయమైపోయినట్టు నిలబడి ఉన్నాయి. యాకూబ్ బీ సలాం చెప్పింది. జవాబు రాలేదు. నాలుగో మగ్గం దగ్గరికి వచ్చాక, పడుగు దారాల వెనక ఒక మొహం కనిపించింది. దారాల మధ్య అది నిలువు చీలికలుగా ఉంది. ఒక్క క్షణం అది బతికున్న మొహమో కాదో ఆమెకు తెలియలేదు.

హాజీ దస్తగీర్ సాబ్ పక్కకు జరిగి వెలుతురులోకి వచ్చాడు. యాభై అయిదేళ్లుంటాయి. తెల్లటి గడ్డం, తెల్లటి లాల్చీ. పనివాళ్లను ఏనాడూ ఒక మాట అనని మనిషి. జైతూన్ బీ పోయిన రెండేళ్లకు తల్లి బలవంతం మీద మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు కొడుకులు. అయినా ప్రతి శుక్రవారం ఆ సమాధి దగ్గరికి వెళ్లి ఫాతిహా ప్రార్థన చదవడం మానలేదు. ఇప్పుడు ఆయన కుడిచేతిలో గోతిలో దొరికిన ఎర్ర పోగు ఉంది. ఎడమచేతిలో అటక మీది నుంచి దింపిన పాత ఉన్నిదారపు చుట్ట. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు.

“వచ్చినవా ఆపా,” అన్నాడు. “జుమా అయినంక సమాధి మీద గుంబజ్ కడుతమని అందరికి చెప్తాన. నువ్వు నా పక్క నిలబడాలె. నీళ్లు పోసిన మనిషివి.”

“నేను పోయలేదు హాజీసాబ్.”

ఆయన చేతిలో ఉన్ని కదల్లేదు. యాకూబ్ బీ నిలబడే చెప్పింది. గడియ పెట్టిన గది, ముందే ముళ్లు వేసిన మూట, ఖాళీ బల్ల, నీళ్ల చప్పుడు, ఒక్క మాట. ఎక్కడా తనను వెనకేసుకు రాలేదు. బడీ బీ చెప్పిన కారణాలు చెప్పింది కానీ, తాను లొంగింది భయపడేనని కూడా చెప్పింది. ఆయన వీపు తిప్పి, మగ్గం మీద నేసిన పువ్వును బొటనవేలితో రాస్తూ విన్నాడు. 

తొమ్మిదేళ్ల కిందట పోయిన తన తల్లి అయిదు పూటల నమాజు తప్పని మనిషి అని ఆయన అన్నాడు. అవునని యాకూబ్ బీ ఒప్పుకుంది. ముసలితనంలో జ్ఞాపకం చెదిరిపోతుందనీ, యాకూబ్ బీ ఏ ఇంటి సంగతో ఈ ఇంటికి కలుపుతోందేమోననీ అన్నాడు. ఆమె ఆయన చేతుల్లోని రెండు ఎరుపుల వైపు చూసింది. ఆ రెండూ ఒకే ఎరుపు.

ఆయన చూపు కూడా అక్కడికే వెళ్లింది. రెండు చేతులూ మెల్లగా దింపేశాడు.

“ఈ రంగు కలిపినాయన డెబ్బై మూడుల పోయిండు,” అన్నాడు. “మళ్లీ ఎవ్వరికి కుదరలేదు. గోతి కాడ చూడంగనే గుర్తు పట్టిన. గుర్తు పట్టలేదనుకున్న.” కాస్త ఆగాడు. “జనాజా మోసేటప్పుడు ముందట కుడి కొమ్ము నా భుజం మీద ఉండె ఆపా. ఉత్త మంచం మోసినట్టుండె. మంచోళ్ల జనాజా తేలిగ్గ పోతదని మనసుకు చెప్పుకున్న. పన్నెండేండ్ల సంది చెప్పుకుంటనే ఉన్న.”

ఆ తర్వాత ఆయన ఆమెను బతిమాలాడు.  మసీదు మొహం చూడని కుర్రాళ్లు ఈ అయిదు రోజులుగా వరుసల్లో నిలబడుతున్నారట. తాగుడు మానేస్తానని ఇద్దరు ఒట్టు పెట్టుకున్నారట. ఒక ఖాళీ గొయ్యి వల్ల ఇంతమందికి విశ్వాసం కలిగితే అల్లా దాన్ని కాదంటాడా అని అడిగాడు. ఒకరి తప్పును కప్పినవాడి తప్పును అల్లా కప్పుతాడు, నువ్వు చేసే పనికి అదే కదా మూలం అని గుర్తు చేశాడు.

“అది సచ్చినోళ్ల ఒంటి మీద చూసినదాన్ని కప్పుమని,” అంది యాకూబ్ బీ. “ఇది నా నాలుక మీది తప్పు. దీన్ని కప్పుకుంట పోతె కుక్క కరిసిన పిల్ల సస్తది. ఆ పిల్ల నా మాట నమ్మి దారం కట్టుకున్నది.”

ఆయన చేతుల్లోని ఉన్నిని మగ్గం మీద పెట్టేశాడు.

“నాకు చదువు రాదు హాజీసాబ్. గవాహి గురించి, సాక్ష్యం గురించి ఖురాన్‌ల ఏమున్నదో మీకు తెలుసు. చెప్పుండ్రి. మీరు ఎట్ల చెప్తె అట్ల చేస్త.”

ఆమె ఎత్తు వేసి అడగలేదు. నిజంగానే ఆయన నోటి మీద ఆధారపడి అడిగింది. హాజీకి తప్పించుకునే దారి లేకపోయింది. ఖురాన్‌లోని ఏ వాక్యం, ఏ ఆయత్ అడిగిందో ఆయనకు తెలుసు. దానికి తన నోటితో వేరే అర్థం చెప్పడం ఆయన వల్ల కాదు. కళ్లు మూసుకుని తక్కువ స్వరంతో అరబీలో చదివాడు.  చదవడం అయ్యాక అర్థం చెప్పాడు, ఒక్కో మాటా ఎక్కడి నుంచో మోసుకొస్తున్నట్టు.

“విశ్వసించినోళ్లారా, న్యాయం మీద గట్టిగ నిలబడుండ్రి. అల్లా కోసం సాక్ష్యం చెప్పుండ్రి. అది మీ మీదికే వచ్చినా సరే. మీ తల్లిదండ్రుల మీదికి…”

అక్కడ ఆగిపోయాడు. మిగతా అర్థం చెప్పలేదు. మగ్గం ముందు నేసేవాళ్లు కూర్చునే చెక్క మీద కూర్చుండిపోయాడు.

“గట్లయితె జైతూన్ ఏడున్నది ఆపా?” అని అడిగాడు. “పన్నెండేండ్లు ఎవ్వరు లేని మట్టికి సలాం చెప్పిన. నా సలాం ఎవ్వరికి పోయింది?”

 షెడ్డు మూలలో నీళ్లు పోస్తున్న చప్పుడు వినబడింది యాకూబ్ బీకి. అక్కడ కుండ లేదు, కుళాయి లేదు. ఈసారి ఆమె తిరిగి చూడలేదు. దూరం నుంచి జుమా నమాజుకు పిలిచే అజా మొదలైంది. హాజీ లేచి, ఔననీ కాదనీ చెప్పకుండా, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు వెళ్లాడు.

నమాజు అయి జనం వచ్చేసరికి ఖబరస్తాన్‌లో ఎండ నిప్పులా ఉంది. ఊదుబత్తుల పొగ గాలి లేక గోతి మీదే తచ్చాడుతోంది. మూడు నాలుగు వందల మంది ఉంటారు. గేటు దగ్గర భారతిని ఎత్తుకుని మొగిలమ్మ నిలబడింది. యాకూబ్ బీ గోతి అంచున మట్టి కుప్ప మీదికి ఎక్కి, కొంగులోంచి చేతులు బయటికి తీసింది. జైతూనమ్మ గురించి ఏదో చెబుతుందనుకుని అందరూ మూగబోయారు.

“ఈ చేతులు జైతూన్ బీని ముట్టలేదు,” అంది. “ఆనాడు నేను ఖాళీ బల్ల మీద నీళ్లు పోసి, స్నానమయిందని చెప్పిన. అబద్ధం చెప్పిన. ఈ గోతిల ఎవ్వరు లేరు, ఎన్నడు లేకుండె. కఫన్‌ల కుక్కింది కార్ఖానా ఉన్ని, మీరు కట్టుకున్నది గదే. బీమారున్నోళ్లను ఇయ్యాలనే దవాఖానకు తోల్కపోండ్రి. నన్ను ఏమన్నా అనుండ్రి, ముందుగాల పిల్లలను తోల్కపోండ్రి.”

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. అంతమంది ఒకేసారి ఊపిరి బిగబట్టి చూస్తుంటే, గోతిలోంచి మట్టి పెళ్లలు రాలుతున్న చప్పుడు కూడా వినిపించింది. ముసల్ది పిచ్చిదయిందని ఎవరో గొణిగారు. హాజీ శత్రువులెవరో ఆమె చేత చెప్పిస్తున్నారని ఇంకెవరో అన్నారు. అప్పుడు జనం చీలి హాజీకి దారిచ్చారు. ఆయన వచ్చి ఆమె పక్కన, కుప్ప మీద కాదు, కిందనే నిలబడ్డాడు. ఆమె చెప్పింది నిజమనీ, ఆ ఉన్ని తన కార్ఖానాదేననీ చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన కళ్లు ఎవరినీ చూడలేదు. తల్లి పేరు ఆయన తీయలేదు. కానీ వినేవాళ్లలో పెద్దలు కొందరు తలలు దించుకున్నారు.

తర్వాత జనం కరిగిపోయిన తీరు యాకూబ్ బీ మరచిపోలేదు. రెండు రోజుల కిందట ఆమె వేళ్లు వాసన చూసి ఏడ్చిన ముసలమ్మ వంగి, తన అరచేతులను మట్టిలో రుద్దుకుని వెళ్లిపోయింది. తమ ఇంట్లో ఎవరు పోయినా ఇకమీదట ఈమెను గడప ఎక్కనీయవద్దని ఒకామె తన కోడలికి అందరూ వినేలా చెప్పింది. ముప్పై ఏళ్లు చేసిన పని అలా ఆ ఎండలో ఊడిపోయింది. కొందరు మాత్రం పిల్లల మణికట్లు గబగబా విప్పుతూ రోడ్డు వైపు పరుగెత్తడం ఆమె చూసింది.

మొగిలమ్మ ఉన్నచోటి నుంచి కదల్లేదు. యాకూబ్ బీ దగ్గరికి వెళ్లింది. తిడుతుందనుకుంది. తిడితే పడాలనుకుంది. మొగిలమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, పిల్ల మణికట్టు నోటి దగ్గరికి తీసుకుని దారాన్ని పళ్లతో కొరికి తెంపింది.

“నువ్వు గూడ రా,” అంది. “సూది వేసేటప్పుడు పిల్ల చేతులు ఎవ్వరో ఒకరు పట్టుకోవాలె గదా.”

దవాఖానలో డాక్టరు గాయం కడిగించి, ఆలస్యం చేశారని కోప్పడి, ఇంకా సమయం మించిపోలేదని చెప్పాడు. పద్నాలుగు రోజులూ ఒక్కటి కూడా తప్పవద్దన్నాడు. మొదటి సూది దిగినప్పుడు భారతి గింజుకుంది. యాకూబ్ బీ ఆ రెండు చిన్న చేతులనూ తన చేతుల్లో పట్టుకుంది. వేడిగా, చెమటతో, బలంగా ఉన్నాయి. తన చేతుల కింద మనిషి ఉన్నాడని పన్నెండేళ్లలో మొదటిసారి ఆమెకు నమ్మకం కలిగింది.

సాయంత్రం నమాజు ఇంకా కాలేదు. ఇంటి సందు మొదట్లోనే లాల్ మియా ఎదురొచ్చాడు. మోకాళ్ల దాకా మట్టి. నలభై ఏళ్ల మనిషి, వేల గోతులు తవ్వినవాడు, పళ్లు కొట్టుకుంటూ మాట్లాడాడు. ఖాళీ గొయ్యి పూడుద్దామని పార వేస్తే, నాని ఉన్న పక్క గోడ కూలి పక్క సమాధి బయటపడిందట. అది బడీ బీ సమాధి. డెబ్బై అయిదులో ఆమె పోతూ పోతూ, కోడలి పక్కన, ఫలానా చోటనే, తనను పూడ్చమని వేలితో చూపించి మరీ చెప్పిందట. అప్పటి తవ్వేవాణ్ని పిలిచి, లోతు ఎక్కువ తవ్వవద్దని కూడా చెప్పిందట.

“బడీ బీకి నువ్వే నీళ్లు పోసినవు గదా ఖాలా?”

పోసింది. తన చేతులతో, అసలైన స్నానం. ఒక్క మనిషికి.

“పైన ఆమె ఉన్నది,” అన్నాడు లాల్ మియా. “ఆమె కింద, మూరెడు లోతుల, ఇంకొకరున్నరు.”

ఖబరస్తాన్‌లో ఇప్పుడు ఎవరూ లేరు. ఊదుబత్తుల బూడిద, తొక్కిన పూలు, తెంపి పారేసిన ఎర్ర పోగులు. హాజీ అప్పటికే అక్కడున్నాడు, గోతికి నాలుగడుగుల దూరంలో, దగ్గరికి పోలేక. యాకూబ్ బీ వంగి చూసింది. కూలిన మట్టిలోంచి ఒక ముంజేయి ఎముక బయటికి వచ్చి ఉంది, ఎవరైనా పట్టుకుంటారేమోనని చాపినట్టు. దానికి ఆకుపచ్చ లక్క గాజులు నాలుగు. మట్టి పట్టినా ఒక్కటీ చితకలేదు.

గుసుల్‌కు ముందు ఒంటి మీది గాజులూ ముక్కుపుడకా అన్నీ తీసేస్తారు. ఈ చేతికి ఎవరూ గాజులు తీయలేదు. ఈ మనిషిని ఎవరూ కడగలేదు, ఎవరూ ఏమీ చదవలేదు. యాకూబ్ బీ మోకాళ్ల మీద కూలబడి, వెనక్కి తిరగకుండానే, జైతూన్ బీ దొరికిందని హాజీతో చెప్పింది.

ఆయన అడుగులు దగ్గరికి వచ్చాయి. ఆయన నీడ ఆ ఎముక మీద పడింది. ఆమె తలెత్తి చూసింది. ఆయన ఆ గాజుల వైపే చూస్తున్నాడు. 

“జైతూన్ ఎన్నడు లక్క గాజులు తొడగలేదు ఆపా,” అన్నాడు. “ఇవి నేను కొన్నయే. జైతూన్ కోసం కాదు.”